నారు పోసేముందే లెక్క: అనంతపురం బోర్ల కింద పంటల నీటి బడ్జెట్ (కేస్ స్టడీ)

బోర్ల మీద బతికే ఊళ్లో "నీళ్లు పొదుపుగా వాడండి" అని చెప్పి రావడం అంత తేలికైన పని ఇంకోటి లేదు. దానంత వృథా పని కూడా లేదు. నీళ్లు పోతే ఏమవుతుందో రైతుకు మనకంటే బాగా తెలుసు, అప్పు కట్టేది ఆయనే కదా. ఆయనకు తెలియనిది వేరే ఉంది. ఈ ఏడు వానకు భూమిలోకి ఎన్ని నీళ్లు దిగాయి, తానూ చుట్టుపక్కల వాళ్లూ వేద్దామనుకుంటున్న పంటలకు మొత్తం ఎన్ని కావాలి అన్నది ఎవరూ లెక్కగట్టి చెప్పరు. ఆ లెక్క కూడా నారు పోయకముందే చేతికి రావాలి. డిసెంబరులో వస్తే చదువుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

నీటి బడ్జెట్ అనే ఈ పద్ధతిని పెద్ద ఎత్తున చేసి చూసిన ప్రాజెక్టు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మొదలైంది. దాని పేరు ఆంధ్రప్రదేశ్ రైతు భాగస్వామ్య భూగర్భ జల యాజమాన్య ప్రాజెక్టు. ఆఫీసు భాషలో ఏపీఫామ్స్ అనేవాళ్లం. డబ్బు నెదర్లాండ్స్ ప్రభుత్వానిది, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా వచ్చేది. ఊళ్లలో పని స్వచ్ఛంద సంస్థలు చేశాయి. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ అనే ఏడు కరువు జిల్లాల్లో సుమారు 640 ఆవాసాలను వాగుల పరీవాహకాల ప్రకారం 63 యూనిట్లుగా విడగొట్టారు. నేను భూగర్భ జలాల పని చేసే మనిషిని. అనంతపురం వైపు ఊళ్లలో ఈ పద్ధతి ఎలా నడిచిందో, ఎక్కడ ఆగిందో రాస్తున్నాను. ఊళ్ల పేర్లు ఇవ్వడం లేదు. బడ్జెట్ లెక్క చూపించే చోట ఏదో ఒక ఊరి అంకెలు కాకుండా, పద్ధతి తెలియడానికి గుండ్రటి అంకెలు వాడాను.

కింద ఉన్న రాయి

అనంతపురంలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దాకా. ఎక్కువ వాన పడే నెలలు సెప్టెంబరు, అక్టోబరు. కింద చాలా చోట్ల గ్రానైటు, నైసు రాళ్లు. పైన పది, ఇరవై మీటర్ల దాకా రాయి మెత్తబడి ఉంటుంది. దాని కింద గట్టిరాయి, అందులో అక్కడక్కడా పగుళ్లు. ఒకప్పటి బావులన్నీ ఆ మెత్తటి పొరలో తవ్వినవే. అవి ఎండాక బోర్లు వచ్చాయి. ముందు రెండు వందల అడుగులు, తర్వాత నాలుగు వందలు, ఇప్పుడు కొన్ని చోట్ల వెయ్యి దాటి వేస్తున్నారు.

రైతులకు మొదట చెప్పాల్సింది ఇదే: నీళ్లు నిల్వ ఉండేది ఎక్కువగా పై పొరలోనే. కింది పగుళ్లు వాటిని మోసుకొచ్చే దారులు. ఇంటి మీద ట్యాంకు, దాని నుంచి దిగే పైపుల్లాంటి ఏర్పాటు అనుకోవచ్చు. ట్యాంకు ఖాళీ అయ్యాక పైపు ఎంత పొడుగు పెంచినా కొన్నాళ్లు చుక్కలు వస్తాయంతే. వెయ్యి అడుగుల్లో నీళ్లు పడిన బోరు కూడా చాలాసార్లు పక్కవాడి నాలుగు వందల అడుగుల బోరు నీళ్లనే లాగుతుంది. అందుకే కొత్త బోరు పడిన నెలకు పాత బోరు ఎత్తిపోతుంది. రెండు ఇళ్ల మధ్య మాటలూ ఆగిపోతాయి.

మెత్తటి పొరలోని రాయిలో నీళ్లు పట్టే ఖాళీ చాలా తక్కువ. వాడుకోగలిగిన నీళ్లు దాని ఘనపరిమాణంలో ఒకటిన్నర, రెండు శాతమే అనుకోవాలి. అంటే 40 మిల్లీమీటర్ల నీళ్లు ఇంకితే బోరులో మట్టం దాదాపు రెండు మీటర్లు లేస్తుంది. అది చూసి ఊరంతా సంబరపడుతుంది. కానీ ఎంత తొందరగా లేస్తుందో అంతే తొందరగా పడిపోతుంది. స్వాతి కార్తెలో ఎక్కిన మట్టాన్ని చూసి వరి కట్టి, మార్చిలో గింజ పాలుపోసుకునే వేళకు కయ్య నెర్రెలిచ్చిన ఇళ్లు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి.

కొలతలు ఎవరు తీశారు

ఈ ప్రాజెక్టులో నాకు నచ్చింది ఒకటుంది. రైతుకు సబ్సిడీ, పైపులు, మోటార్లు ఏవీ ఇవ్వలేదు. అంతకు ముందు 1995 నుంచి 2003 దాకా ఇవే ఏడు జిల్లాల్లో, నెదర్లాండ్స్ సాయంతోనే, చిన్న రైతులకు బోర్లు వేసిచ్చే ప్రాజెక్టు నడిచింది. బోర్లు వేసుకుంటూ పోతే ఎక్కడికి చేరతామన్న ప్రశ్న అందులోంచే వచ్చింది. అందుకే రెండోసారి రైతుల చేతికి ఇచ్చింది వానగేజి, నీటిమట్టం కొలిచే టేపు, రిజిస్టరు.

ప్రతి యూనిట్‌లో కొన్ని బోర్లను పరిశీలక బోర్లుగా ఎంచుకున్నారు. ఊళ్లోని ఆడా మగా వాలంటీర్లే పదిహేను రోజులకోసారి మట్టం కొలిచేవారు. వాన పడితే పొద్దున ఎనిమిదిన్నరకు గేజి చూసి రాయాలి. ఆ అంకెలను ఊరి మధ్య గోడ మీద బోర్డులో పెయింటుతో రాసేవారు. ఆ బోర్డు విలువ బయటివాళ్లకు సులువుగా అర్థం కాదు. అంకె తప్పు రాస్తే రచ్చబండ దగ్గర కూర్చున్న వాళ్లు పట్టేసేవారు. "మొన్న వానకు మా చేలో దుక్కి తడిసింది, అట్లుంటే ఐదు మిల్లీమీటర్లేనా? మల్లా చూడప్పా" అని నిలదీసేవారు. ఆఫీసు పరీక్షల కంటే గట్టి పరీక్ష అది.

బోరు ఎంత పోస్తుందో కొలవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. రెండు వందల లీటర్ల డ్రమ్ము, ఫోన్‌లోని స్టాప్‌వాచీ చాలు. రైతులు "రెండించుల నీళ్లు", "మూడించుల నీళ్లు" అంటారు. అది పైపు సైజు చెబుతుంది తప్ప నీళ్లెన్నో చెప్పదు. డ్రమ్ము వంద సెకన్లలో నిండితే బోరు సెకనుకు రెండు లీటర్లు పోస్తున్నట్టు. అప్పట్లో కరెంటు రోజుకు ఏడు గంటలు. అంటే రోజుకు 50,400 లీటర్లు. నూట ఇరవై రోజులు ఒక్క పూటా ఆగకుండా పోసినా దాదాపు 60 లక్షల లీటర్లు.

ఎకరంలో ఒక మిల్లీమీటరు నీళ్లు నిలపాలంటే 4,047 లీటర్లు కావాలి. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు దాటుతాయి. అంటే అంత పోసే బోరు కింద ఎకరంపావు వరి పండితే గొప్ప. వేరుశనగకు 500 మిల్లీమీటర్ల లెక్కన అదే బోరు మూడు ఎకరాలకు సరిపోతుంది. ఈ ఒక్క లెక్క బోర్డు మీద వేస్తే చాలు, తర్వాత గంటసేపు మనం మాట్లాడే పని ఉండదు. ఎవరి బోరు లెక్క వారు వేసుకుంటారు. వెనక వరసలో కూర్చున్నవాళ్లు సెల్‌ఫోన్ కాలిక్యులేటర్ తీస్తారు.

దసరా దాటాక కూర్చునే మీటింగు

బడ్జెట్ మీటింగు ఎప్పుడు పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. నా అంచనాలో మొత్తం పద్ధతికి ఆయువుపట్టు అదే. మరీ ముందు పెడితే వాన లెక్క పూర్తి కాదు. దీపావళి దాటాక పెడితే విత్తనం ఇంటికొచ్చి ఉంటుంది, నారుమడి దున్ని ఉంటుంది. ఇక ఏ అంకె చెప్పినా లాభం లేదు. అక్టోబరు మొదటి పక్షం అటూ ఇటూగా పెట్టిన ఊళ్లలో చర్చ వేడిగా సాగేది. ఆలస్యమైన ఊళ్లలో జనం వచ్చి, టీ తాగి, సంతకం పెట్టి వెళ్లేవారు.

లెక్క ఇలా సాగుతుంది. పరీవాహకం రెండు వేల హెక్టార్లు, అంటే దాదాపు ఐదు వేల ఎకరాలు అనుకుందాం. వానాకాలంలో 400 మిల్లీమీటర్లు పడింది. మొత్తం 80 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు (ఒక ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు). ఇలాంటి రాతి నేలలో భూమిలోకి ఇంకేది ఎనిమిది నుంచి పదకొండు శాతం అన్నది భూగర్భ జలాల అంచనా కమిటీ 1997లో ఇచ్చిన కొలమానం. పది శాతం తీసుకుంటే ఎనిమిది లక్షలు. ఈ మాట దగ్గర మీటింగు ఒక్క క్షణం ఆగుతుంది. అంత వానకు మనకు మిగిలేది ఇంతేనా అని అడుగుతారు. మిగతాది ఆవిరవుతుంది, పంట, చెట్టూ చేమా తాగుతాయి, కొంత వాగు వెంట పోతుంది. ఇంకిన ఎనిమిది లక్షల్లో తాగునీటికీ, ఖరీఫ్‌లో తోడినదానికీ మూడు లక్షలు పోతే రబీకి ఐదు లక్షలు మిగులుతాయి.

ఇప్పుడు ఎవరు ఏం వేయాలనుకుంటున్నారో రాయిస్తాం. వరి 150 ఎకరాలు, వేరుశనగ 125 ఎకరాలు అని తేలిందనుకోండి. వరికి ఏడు లక్షల పైచిలుకు, వేరుశనగకు రెండున్నర లక్షలు, మొత్తం దాదాపు 9.8 లక్షలు. ఉన్నది ఐదు. అంటే ఊళ్లో ఇప్పుడే అనుకున్న పంటలో సగం, ఇంకా నారు పోయకముందే, ఎండిపోయినట్టు.

ఇక్కడ ప్రతి ఊళ్లోనూ ఒక పెద్దాయన లేచి అడిగే ప్రశ్న ఒకటుంది: "వరి కయ్యలో పెట్టిన నీళ్లు యాడికి పోతాయి సార్? మల్లా భూమిలోకే కదా దిగేది?" మంచి ప్రశ్న. దాన్ని తోసిపుచ్చితే మీటింగు చేజారుతుంది. నిజమే, కొంత దిగుతుంది. అదే 1997 కొలమానాల ప్రకారం బోరు నీళ్లతో వరి పండిస్తే, మట్టం పది మీటర్ల లోపు ఉన్న చోట 45 శాతం దాకా తిరిగి భూమిలోకి చేరుతుంది. కానీ మట్టం 25 మీటర్ల కంటే లోతుకు పోయిన చోట అది 20 శాతమే. మన దగ్గర ఉన్నది రెండోది. ఏడు లక్షల్లో ఒకటిన్నర లక్ష వెనక్కి వచ్చిందని కలిపినా ఇంకా మూడు లక్షల పైన లోటు. అదంతా బోర్డు మీదే కూడి తీసి చూపించాలి. ఆయన ఒప్పుకుంటే మిగతా వాళ్లు వింటారు.

తర్వాత పంటలు మార్చి చూస్తాం. వరి 25 ఎకరాలకు దించి, వేరుశనగ అలాగే ఉంచి, 60 ఎకరాల్లో రాగి, సజ్జ లాంటి 400 మిల్లీమీటర్ల పంటలు వేస్తే మొత్తం 4.7 లక్షలు. బడ్జెట్ కుదిరింది. మిగిలిన 65 ఎకరాల్లో చివరి వానల తేమకు ఉలవలు చల్లుకోవచ్చు. బోర్డు మీద ఇది అయిదు నిమిషాల పని. ఆ వరి తగ్గించేది ఎవరు అన్నది మాత్రం బోర్డు చెప్పదు.

వరి ఎందుకు వదలరు

బయట నుంచి వచ్చినవాళ్లు వరిని రైతు మొండితనంగా చూస్తారు. తిండి కోసం అయితే కాదు. 2008 నుంచి రేషన్ షాపులో కిలో బియ్యం రెండు రూపాయలకే వచ్చింది. కారణాలు వేరు. పాడి ఉన్న ఇంటికి ఎండాకాలమంతా వరిగడ్డి కావాలి. కొనాలంటే ట్రాక్టరు బాడుగే మోయలేనంత. వేరుశనగకు తెగులు వస్తుంది, ధర పడిపోతుంది, అడవి పందులు తవ్వేస్తాయి. వరి ఎంతకైనా అమ్ముడుపోతుంది. కరెంటు ఊరికే వస్తున్నప్పుడు (2004 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచితం) అదనంగా పెట్టే నీటికి జేబులోంచి పోయేదేమీ లేదు. పైగా అప్పట్లో రాత్రి కరెంటు. ఎప్పుడొస్తుందో తెలియక ఆటో స్టార్టరు పెట్టి నిద్రపోతే కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు ఆడేది. కయ్య నిండి పొర్లేది.

కాబట్టి పశుగ్రాసం గురించి మాట్లాడని నీటి బడ్జెట్ సగం బడ్జెట్టే. జొన్న చొప్ప, సజ్జ చొప్ప, వేరుశనగ కట్టె ఎంత వస్తుందో కూడా పక్కన రాసిన మీటింగుల్లో ఆడవాళ్లు ముందుకొచ్చి మాట్లాడారు. పశువుల మేత బాధ ఎక్కువగా మోసేది వాళ్లే. వరి తగ్గించే నిర్ణయం ఇంట్లో తేలేది కూడా ఆ మాట మీదే.

మారింది ఎంత

ప్రపంచ బ్యాంకు 2010లో మన దేశ భూగర్భ జలాల మీద తెచ్చిన నివేదిక ఈ ప్రాజెక్టును మెచ్చుకుంది. రైతులు తమంతట తాము నీటి వాడకం తగ్గించుకున్న అరుదైన ఉదాహరణగా దీన్ని చూపించింది. ఆ పొగడ్తలో నిజం ఉంది. అయితే రైతులు ఊరి మేలు కోసం త్యాగం చేశారని అనుకుంటే పొరపాటు. ఎండిపోయే పంట మీద పెట్టుబడి పెట్టకుండా తప్పించుకున్నారు. నా దృష్టిలో అదే ఈ పద్ధతి బలం. ఎవరి నష్టం వారు తప్పించుకుంటుంటే మొత్తం మీద నీళ్లు తోడటం తగ్గింది.

మారనిది కూడా చెప్పాలి. బలమైన బోరున్న రైతుకు ఈ లెక్క పెద్దగా పట్టలేదు. వాగు పక్కన, చెరువు కింద ఉన్న బోర్లు లోటు ఏడాదిలోనూ పోస్తాయి. మిట్ట మీది బోరు ఎండినా ఆయన వరి పండుతుంది. బడ్జెట్‌లో ఆయన వరి ఉంచే 25 ఎకరాల్లో ఉండాలా, వరి మానే 125లో ఉండాలా అని తేల్చే అధికారం కమిటీకి లేదు, జరిమానా లేదు, వాటా లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. దాని ప్రకారం బోర్లు నమోదు చేయించాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్తది వేయకూడదు. కానీ రాత్రి వచ్చిన రిగ్గు బండి తెల్లారేసరికి వెళ్లిపోతుంది. ఫిర్యాదు చేయాల్సింది పక్కింటివాడు, రేపు అదే రిగ్గు అతనికీ కావాలి.

డ్రిప్పు సంగతి కూడా ఇంతే. చీనీ (బత్తాయి) తోటలకు, కూరగాయలకు డ్రిప్పు పెట్టాక ఎకరానికి పట్టే నీళ్లు తగ్గాయి. మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు తోట పెంచారు. బోరు ఆడే గంటలు తగ్గలేదు. డ్రిప్పు రైతుకు మంచిదే, వద్దనను. కానీ ఎకరాల మీద పరిమితి లేకుండా సబ్సిడీ మీద డ్రిప్పు ఇస్తూ పోయి "ఇన్ని నీళ్లు ఆదా" అని రిపోర్టు రాస్తే ఆ ఆదా కాగితం మీదే ఉంటుంది. పరిశీలక బోరులో కనిపించదు.

ఈ చిక్కుకు దగ్గరగా వచ్చిన పద్ధతి ఇంకొకటి ఇదే జిల్లాలో ఉంది. వాసన్ లాంటి స్వచ్ఛంద సంస్థలు ఊళ్లో పదీ పన్నెండు బోర్లను భూమిలో పైపులు వేసి కలిపించాయి. బోరున్నవాళ్లు, లేనివాళ్లు ఒప్పందం రాసుకుంటారు. ఖరీఫ్ వేరుశనగకు వాన మొహం చాటేసినప్పుడు అందరి చేలకూ ఒకటి రెండు తడులు, బదులుగా కొత్త బోర్లు వేయకూడదు, వరి వేయకూడదు. నీళ్లు వాడుకునేది బోరు యజమాని ఒక్కడే కాదు కాబట్టి కాపలా కాసే కళ్లు ఎక్కువ. బడ్జెట్‌కు లేని పట్టు దీనికి ఉంది. దీనికి లేని అంకె బడ్జెట్‌లో ఉంది. రెండూ ఒకే చోట కలిపి చేసిన ఊరు ఉంటే ఫలితం వేరుగా ఉండేదని నా అభిప్రాయం.

డబ్బు ఆగాక

ప్రాజెక్టు నిధులు ఆగిపోయాక ఊళ్లకు వెళ్లి చూసిన పరిశోధకులు చాలా చోట్ల కొలతలు ఆగిపోయాయని, కమిటీలు పేరుకే మిగిలాయని రాశారు. చాలామంది దీన్ని "ప్రాజెక్టు ఫెయిల్" అంటారు. నేను ఇంకోలా చూస్తాను. ఆగింది రిజిస్టరు. వాలంటీరుకు రోజు కూలీ పోతుంది, టేపు తెగితే బాగుచేసేవాడు లేడు, తీసిన అంకెను అడిగేవాడు లేడు. మండల వ్యవసాయ కార్యాలయంలో విత్తనాల కేటాయింపు ఈ అంకె చూసి జరగలేదు, బ్యాంకులో పంట రుణం ఈ అంకె చూసి ఇవ్వలేదు. అంకె మీద ఆధారపడిన పని ఏదీ లేనప్పుడు ఎవరైనా ఎన్నాళ్లు కొలుస్తారు? డ్రమ్ముతో బోరు కొలిచే అలవాటు మాత్రం కొందరిలో మిగిలింది. మోటారు హెచ్‌పీ మార్చేటప్పుడు, డ్రిప్పు డిజైన్ అడిగేటప్పుడు అది వాళ్లకు సొంతానికి పనికొస్తుంది కాబట్టి.

ఇంకో సంగతి. 2019 డిసెంబరులో కేంద్రం మొదలుపెట్టిన అటల్ భూజల్ యోజనలో పంచాయతీ స్థాయి నీటి బడ్జెట్ ముఖ్యమైన భాగం. అది గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో అమలైంది. ఈ పనిలో అంత అనుభవం ఉన్న రెండు తెలుగు రాష్ట్రాలు ఆ జాబితాలో లేవు.

అటు హంద్రీ–నీవా కాలువతో శ్రీశైలం నీళ్లు జిల్లాలోకి వచ్చాయి. చెరువులు నింపిన చోట బోర్లు లేచాయి. దాంతో కొన్ని ఊళ్లలో బడ్జెట్ మాట ఎత్తితే "ఇంక అది ఎందుకు సార్, కాలువ వచ్చింది కదా" అంటున్నారు. కాలువ నీళ్లను లెక్కలో రాబడి కింద ఒక వరసగా చేర్చుకోవాలి. కృష్ణలో వరద లేని ఏడాది ఆ వరస సున్నా అవుతుంది. అలాంటి ఏడాదికి పంటల జాబితా ఇంకొకటి ముందే సిద్ధంగా ఉండాలి.

ఇప్పుడు మొదలుపెడితే

ఎవరైనా అడిగితే నేను చెప్పేది కొంచెమే. ఊరు మొత్తంతో మొదలుపెట్టవద్దు. ఒకే వాగు కింద ఒకరి నీళ్లు ఒకరు లాక్కుంటున్న పదిహేను, ఇరవై బోర్ల గుంపును తీసుకోండి. జూన్‌కల్లా ప్రతి బోరునూ డ్రమ్ముతో కొలవండి, మళ్లీ అక్టోబరులో, మళ్లీ ఫిబ్రవరిలో. మూడు అంకెలూ పక్కపక్కన చూస్తే ఏ బోరు మీద రబీ వేయొచ్చో రైతే చెబుతాడు. సగటు వాన లెక్కలు, శాతాలు ఆ తర్వాత. మొదటి ఏడాది ఇంకుడు శాతం ఎనిమిదా పదకొండా అని కొట్టుకోవద్దు. అక్టోబరు మట్టం, మే మట్టం రెండేళ్లు చూస్తే మీ వాగుకు ఎంతో మీకే తేలుతుంది.

వాలంటీరు కూలీ ఎవరిస్తారన్నది మొదటి మీటింగులోనే తేల్చుకోండి. ప్రాజెక్టు ఇస్తే ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. గుంపులోని బోరుకు నెలకింత అని వసూలు చేసుకుంటే తక్కువే వస్తుంది, కానీ డబ్బు కట్టినవాడు అంకె అడుగుతాడు. తాగునీటి బోరు మట్టాన్ని పంచాయతీయే కొలిపించుకునేలా, ఆ రిజిస్టరు గ్రామసభలో చదివేలా చూడండి. బడ్జెట్ మీటింగు తేదీ మాత్రం ఆఫీసు క్యాలెండరు చూసి పెట్టకండి. ఆ ఊళ్లో విత్తనాల షాపు ముందు ట్రాక్టర్లు ఏ వారం నుంచి ఆగుతాయో షాపు ఓనరును అడిగి, దానికి పది రోజుల ముందు పెట్టండి.